సౌష్ఠవం: ఏది కుదరదో ముందే చెప్పే గణితం

ధనుర్మాసం మొదలైతే శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో తెల్లవారేసరికి వాకిళ్లు ముగ్గులతో నిండుతాయి. ముగ్గు నేర్పేవారు నేర్చుకునేవారికి చెప్పే మాట చాలా చిన్నది: "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు." నడిమి వరుసలో 15 చుక్కలు పెట్టాలి. పై వరుసలో వాటి సందుల్లో 14, ఆ పైన 13, అలా 8 దాకా తగ్గించుకుంటూ పోవాలి. కిందికీ అదే పద్ధతి. మొత్తం 169 చుక్కలు వస్తాయి. వరుసల ఎడం సరిగా కుదిరితే వాటి అంచు ఆరు సమాన భుజాల షడ్భుజి అవుతుంది. అవే 15 చుక్కలను ఎదురు చుక్కగా 1 వచ్చేవరకు పెడితే వరుసలు 15, 13, 11 అంటూ తగ్గుతాయి. అప్పుడు చుక్కలు 113, ఆకారం మూల మీద నిలబెట్టిన చతురస్రం.

ఈ రెండు సూచనల మధ్య తేడా అందానికి సంబంధించినది కాదు. సందు చుక్కల మీద తీర్చిన ముగ్గు 60 డిగ్రీలు తిప్పినా అలాగే కనిపించవచ్చు. ఎదురు చుక్కల ముగ్గుకు ఆ వీలు లేదు, అది 90 డిగ్రీలకు ఒప్పుకుంటుంది. గణితంలో సౌష్ఠవం అంటే ఇదే: ఒక పని చేసిన తర్వాత కూడా ఆ పని జరిగిన గుర్తు మిగలకపోవడం. కాబట్టి ఒక ఆకారం సౌష్ఠవాన్ని తెలుసుకోవాలంటే, దాన్ని మార్చకుండా దాని మీద చేయగలిగే పనుల జాబితా రాయాలి. చతురస్రానికి ఆ జాబితాలో 8 పనులుంటాయి. నాలుగు తిప్పడాలు (ఏమీ తిప్పకపోవడం కూడా ఒకటి), నాలుగు అద్దం గీతల మీదుగా జరిగే ప్రతిబింబాలు. షడ్భుజికి 12. పండగ చివర్లో వీధి పొడవునా సాగే రథం ముగ్గుకు రెండే: ఏమీ చేయకపోవడం, ఎడమను కుడిగా మార్చడం. అన్ని చేతులూ ఒకే వైపుకు వంగిన స్వస్తిక్ లాంటి మెలికల ముగ్గుకు నాలుగు తిప్పడాలున్నాయి గానీ అద్దం గీత ఒక్కటీ లేదు.

జాబితాలోని ఒక పని చేసి, వెంటనే మరో పని చేస్తే ఆ రెండూ కలిసి జాబితాలోని ఇంకో పనే అవుతాయి. కానీ వరుస మారితే ఫలితం మారవచ్చు. చతురస్రాన్ని ముందు నిలువు గీత మీదుగా ప్రతిబింబించి, తర్వాత కుడివైపుకు 90 డిగ్రీలు తిప్పితే పై ఎడమ మూల కింది కుడి మూలకు చేరుతుంది. ముందు తిప్పి, తర్వాత ప్రతిబింబిస్తే ఆ మూల ఉన్నచోటికే తిరిగి వస్తుంది. అంకెల గుణకారంలో రెండు మూళ్లయినా మూడు రెళ్లయినా ఆరే. ఇక్కడ ఆ హామీ లేదు. ఈ చిన్న తేడాలోంచి ఒక పెద్ద శాస్త్రం పుట్టింది.

ఆ శాస్త్రం గొప్పదనం ఎక్కువగా దాని నిరాకరణల్లో ఉంది. ఏది సాధ్యమో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. ఏది ఎన్నటికీ సాధ్యం కాదో చెప్పాలంటే, ఇంకా ఎవరూ చేసి చూడని ప్రయత్నాలన్నిటికీ కలిపి ముందే జవాబు చెప్పాలి. సౌష్ఠవ గణితం ఆ పని చేస్తుంది.

వాకిట్లోనే ఒక నిరాకరణ ఉంది. నేల మీద ఎంతవరకు పరిచినా ఒకే తీరుగా సాగే చుక్కల అల్లికలో, ప్రతి చుక్క చుట్టూ అయిదో వంతు, అంటే 72 డిగ్రీలు తిప్పినా అల్లిక మొత్తం మారకుండా ఉండేలా చుక్కలు పెట్టడం కుదరదు. రుజువు మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. అల్లికలో అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు క, చ అనుకుందాం. క చుట్టూ చ ను 72 డిగ్రీలు తిప్పితే పడే చోట ఒక చుక్క ఉండి తీరాలి, అలాగే చ చుట్టూ క ను ఎదురు దిశలో తిప్పిన చోట కూడా ఒకటి ఉండాలి. ఈ రెండు కొత్త చుక్కల మధ్య దూరం మొదటి దూరంలో 0.38 వంతే వస్తుంది కాబట్టి, క, చ లే అన్నిటికంటే దగ్గరివి అన్న మాట చెల్లదు. ఇదే పరీక్షను 60 డిగ్రీలకు పెడితే రెండు కొత్త చుక్కలూ ఒకే చోట పడతాయి, చిక్కు లేదు. 90 డిగ్రీలకు దూరం మారదు, అక్కడా చిక్కు లేదు. ఏడు, ఎనిమిది వంటి మడతలకూ, అంటే పూర్తి చుట్టులో ఏడో వంతు, ఎనిమిదో వంతు తిప్పినా మారని అల్లికలకూ తావు లేదు. మిగిలేవి రెండు, మూడు, నాలుగు, ఆరు మాత్రమే. లక్ష్మీపూజలో వేసే హృదయ కమలం ఎనిమిది దిక్కులకూ సమానంగా ఉంటుంది గదా అని సందేహం రావచ్చు. దాని చుక్కలు నడిమి నుంచి ఎనిమిది చేతులుగా బయటికి సాగుతాయి. అది పరుచుకునే అల్లిక కాదు, ఒకే కేంద్రం ఉన్న పువ్వు. నిషేధం అల్లికకే.

ఈ నిషేధం వల్లనే, ఒకే నమూనా రెండు దిశల్లో పదేపదే వచ్చే అలంకారాలు ఎన్ని గీసినా వాటి సౌష్ఠవాలు 17 రకాలకు మించవు. చీర అంచులా ఒకే దిశలో సాగేవి 7 రకాలే. మూడు దిశల్లో సాగే స్ఫటికాలకు 230. ఈ చివరి లెక్కను రష్యాలో ఫెదొరొవ్, జర్మనీలో షోన్‌ఫ్లైస్ 1891 నాటికి తేల్చారు. అప్పటికి స్ఫటికం లోపలి అణువుల అమరికను చూసే సాధనమే లేదు. ఎక్స్-కిరణాలతో ఆ అమరిక బయటపడింది 1912 తర్వాత. దాన్ని చూడటానికి ఇరవై ఏళ్ల ముందే, ఉండగల అమరికల పట్టిక సిద్ధంగా ఉంది.

1982 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం, మాంగనీసు కలిపిన ఒక మిశ్రమలోహంలో పది మడతల వివర్తన చిత్రం (కిరణాలు లోహం గుండా వెళ్లి చెదిరి ఏర్పరిచే చుక్కల బొమ్మ) చూశాడు. అలాంటిది ఉండదని నిపుణులు ఏళ్ల తరబడి కొట్టిపారేశారు. చివరికి 2011లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పై రుజువులో తప్పేమీ లేదు. అయిదు మడతల సౌష్ఠవం, ఒకే నమూనా పునరావృతం కావడం, ఈ రెండూ కలిసి ఉండవని మాత్రమే అది చెప్పింది. ఆ లోహం పునరావృతాన్ని వదులుకుంది. క్రమం ఉంటే పునరావృతం ఉండి తీరాలన్న నమ్మకం గణితానిది కాదు, శాస్త్రవేత్తల అలవాటుది. 1992లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘం స్ఫటికానికి ఇచ్చే నిర్వచనాన్నే మార్చుకుంది.

ఇంత చెప్పిన తర్వాత ఒక ఆశ్చర్యం మిగులుతుంది. వేల ఏళ్లుగా మనుషులు సౌష్ఠవమున్న బొమ్మలు గీస్తున్నా, ఈ పనుల జాబితా ఒక గణిత వస్తువని మొదట గుర్తించినవారు బొమ్మలు చూస్తూ గుర్తించలేదు. బొమ్మే లేని చోట, సమీకరణాల్లో వారికది దొరికింది.

వర్గ సమీకరణాన్ని సాధించే సూత్రం మన దేశంలో క్రీ.శ. 628 నాటి బ్రహ్మగుప్తుడి రచనలోనే ఉంది. ఘన సమీకరణానికి, నాలుగో ఘాత సమీకరణానికి సూత్రాలు పదహారో శతాబ్దపు ఇటలీలో దొరికాయి. కార్డానో 1545లో వాటిని అచ్చువేశాడు. తర్వాతిది అయిదో ఘాతం. రెండు వందల ఏళ్లు గడిచినా సూత్రం రాలేదు. 1770 ప్రాంతంలో గణితజ్ఞుడు లాగ్రాంజ్ ప్రశ్నను మార్చాడు. కొత్త సూత్రం కోసం వెతకడం మాని, పాత సూత్రాలు అసలు ఎందుకు పనిచేశాయని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ గణిత చరిత్రలోని చక్కని ఆలోచనల్లో ఒకటి. నాలుగో ఘాత సమీకరణానికి నాలుగు మూలాలుంటాయి, అంటే దాన్ని సరిపెట్టే విలువలు నాలుగు. వాటి విలువలు తెలియవు, కాబట్టి ఏది మొదటిది, ఏది రెండోది అన్నది మనం పెట్టుకున్న పేరే. ఆ పేర్లను 24 విధాల తారుమారు చేయవచ్చు. ఇప్పుడు మొదటి రెండు మూలాల లబ్ధానికి చివరి రెండు మూలాల లబ్ధాన్ని కూడండి. పేర్లు 24 విధాల మార్చినా ఈ మొత్తానికి మూడే విలువలు వస్తాయి. నలుగురిని రెండు జతలుగా విడదీసే పద్ధతులు మూడే కదా. మూడు విలువలంటే వాటిని ఇచ్చేది ఘన సమీకరణం. ఘన సమీకరణాన్ని సాధించడం ముందే తెలుసు. నాలుగో మెట్టు ఎక్కడానికి మూడో మెట్టు సాయపడిన రహస్యం ఇది. ఘన సమీకరణంలోనూ 6 తారుమార్లను రెండే విలువలకు దించే సమాసం (మూలాలతో కూర్చిన లెక్క) ఒకటుంది, అది వర్గ సమీకరణానికి దారి తీస్తుంది.

అయిదు మూలాలకు తారుమార్లు 120. ఇక్కడ లాగ్రాంజ్ పద్ధతి అయిదు కంటే పెద్దదైన ఆరో ఘాత సమీకరణాన్ని తెచ్చిపెట్టింది. సాయం అడిగితే బరువు పెరిగింది. 1799లో ఇటలీ గణితజ్ఞుడు రుఫిని మరో అడుగు వేశాడు. అయిదు మూలాల పేర్లను తారుమారు చేసినప్పుడు సరిగ్గా మూడు విలువలే, లేదా నాలుగు విలువలే వచ్చే సమాసం ఏదీ లేదని చూపాడు. ఆయన పూర్తి రుజువులో ఒక లోటు ఉండిపోయింది. నార్వే యువకుడు ఆబెల్ 1824లో దాన్ని పూడ్చాడు. కూడికలు, తీసివేతలు, గుణకార భాగహారాలు, వర్గమూలం, ఘనమూలం వంటివి తీయడం, వీటితోనే అన్ని అయిదో ఘాత సమీకరణాలకూ సరిపడే సూత్రం రాయడం అసాధ్యమని తేలింది. అయిదేళ్లకు, 26 ఏళ్ల వయసులో క్షయతో ఆబెల్ చనిపోయాడు.

అన్నిటికీ సరిపడే సూత్రం లేదన్నది ఒక మాట. ఏ సమీకరణానికి ఉంది, దేనికి లేదు అన్నది ఇంకా లోతైన ప్రశ్న. దానికి జవాబు చెప్పినవాడు ఫ్రెంచ్ యువకుడు ఎవరిస్త్ గాల్వా. ప్రతి సమీకరణానికీ దాని సొంత జాబితా ఉంటుందని ఆయన గ్రహించాడు. మూలాల మధ్య ఉన్న సంబంధాలను చెడగొట్టకుండా చేయగలిగే తారుమార్ల జాబితా అది. ఆ జాబితాకు సమూహం అని పేరు పెట్టింది ఆయనే. సమూహాన్ని తగిన విధంగా మెట్లు మెట్లుగా చిన్న ముక్కలు చేయగలిగితే సూత్రం ఉంటుంది, చేయలేకపోతే ఉండదు. అయిదు మూలాల 120 తారుమార్లలో సగం, అంటే 60, ఒక సమూహంగా ఏర్పడతాయి. ఆ 60ని ఇక ముక్కలు చేయలేం. అడ్డు అక్కడే. ఇరవై ముఖాల ఘనాకృతిని ఏ మార్పూ కనిపించకుండా తిప్పగలిగే పద్ధతులు కూడా సరిగ్గా 60, ఆ రెండు జాబితాల నిర్మాణం ఒకటే. ఒక బీజగణిత సమీకరణం, ఒక ఘనాకృతి ఒకే కారణంతో కట్టుబడి ఉన్నాయని తెలిసినప్పుడు కలిగే ఆనందాన్ని మాటల్లో పెట్టడం కష్టం.

1832 మే 29 రాత్రి గాల్వా తన ఫలితాలను మిత్రుడు షెవాలియేకు ఉత్తరంగా రాశాడు. మర్నాడు ద్వంద్వయుద్ధంలో తుపాకి గుండు తగిలింది. మే 31న కన్నుమూశాడు. వయసు ఇరవై. ఆ రాత్రి ఒక్కటే కూర్చుని శాస్త్రమంతా రాసేశాడన్న కథ ప్రచారంలో ఉంది గానీ, నిజానికి ఆయన అప్పటికే కొన్నేళ్లుగా పత్రాలు రాసి పారిస్ అకాడమీకి పంపుతున్నాడు. కథ కంటే ఆ ఏళ్ల పని గొప్పది. గణితజ్ఞుడు లియోవిల్ ఆ పత్రాలను 1846లో ప్రచురించాక గానీ లోకానికి వాటి విలువ తెలియలేదు.

సమూహానికి నేడు పుస్తకాల్లో కనిపించే నిర్వచనం తర్వాత వచ్చింది. 1854లో గణితజ్ఞుడు కేలీ ఆ దిశగా మొదటి ప్రయత్నం చేశాడు, జోర్డాన్ 1870లో ఈ విద్యపై పెద్ద గ్రంథం రాశాడు. 1872లో క్లైన్ జ్యామితినే తిరగేసి చెప్పాడు: ఏ మార్పుల కింద ఏ లక్షణాలు నిలుస్తాయో చదవడమే జ్యామితి అన్నాడు. ఇక చరిత్ర పొడవునా ఉదాహరణలు ముందు, నిర్వచనం చివర. మన డిగ్రీ తరగతుల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. సంవృత ధర్మం, సహచర ధర్మం, తత్సమ మూలకం, విలోమం అంటూ నాలుగు నియమాలు మొదటి రోజే బల్ల మీద పడతాయి. శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన విద్యార్థి వాటిని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రాస్తాడు, అవి దేని గురించో తెలియకుండానే బయటికి వెళ్తాడు. ఆ పిల్లల ఇంటి ముందే చతురస్రపు ఎనిమిది సౌష్ఠవాలు రోజూ పొద్దున్నే సిద్ధంగా ఉంటాయి. వాటిని కాగితం మీద పెట్టి, కత్తిరించి, తిప్పి, ఏ రెండు పనులు కలిస్తే ఏది వస్తుందో చూపే 64 గడుల పట్టిక నింపించిన తర్వాత నాలుగు నియమాలు చెబితే, అవి ఆ పట్టికలో కనబడిన సంగతులకే పెట్టిన పేర్లని అర్థమవుతుంది. ఇది కొత్త సదుపాయాలు అడిగే మార్పు కాదు. వరుస మార్చడం మాత్రమే.

బొమ్మగా కంటికి కనిపించని సౌష్ఠవానికి శ్రీకాకుళం జిల్లాలోనే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. పట్టణాన్ని ఆనుకునే ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏడాదికి రెండు విడతలు, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ, ఉదయపు కిరణాలు మూలవిరాట్టును తాకుతాయి. తెల్లవారుజామునే భక్తులు బారులు తీరుతారు. ఈ తేదీలు చూస్తే ఒక పొంతన కుదరనట్టు అనిపిస్తుంది. మార్చికీ అక్టోబరుకూ ఏమి సంబంధం? సూర్యుడు దక్షిణానికి చివరంటా వెళ్లే డిసెంబరు 21ని అద్దం గీతగా పెట్టి చూస్తే సంబంధం బయటపడుతుంది. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 వరకు 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10 వరకు 79 రోజులు. దక్షిణానికి వెళ్తూ సూర్యుడు ఏ స్థానాలు దాటాడో, ఉత్తరానికి వస్తూ అవే స్థానాలను ఎదురు వరుసలో దాటుతాడు. రెండు విడతల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించే గీతకు) సుమారు 4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడు, ఉదయించేది కూడా సరైన తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగానే. ఏడాదిలో ఈ పరిస్థితి మూడోసారి రాదు. వాస్తు కొలతలు ఏవైనా, తెరిచిన దారి ఒక దిక్కుకే గురిపెట్టి ఉంటే కిరణాలకు రెండు విడతలే అనుమతి. ఆ రెండూ అయనాంతానికి, అంటే ఆ డిసెంబరు 21కి, ఇరువైపులా సమదూరంలో ఉండాలి.

80, 79 అన్న చిన్న తేడాలో తేదీల సవరణ కొంత, భూమి కక్ష్య కొంత. సెప్టెంబరు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి డిసెంబరు అయనాంతానికి సుమారు 89.8 రోజులు, అక్కడి నుంచి మార్చి విషువత్తుకు సుమారు 89 రోజులు. దాదాపు 20 గంటల తేడా. కక్ష్య దీర్ఘవృత్తం. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది డిసెంబరు 21న కాదు, జనవరి మొదటి వారంలో. దగ్గరగా ఉన్నప్పుడు వేగం ఎక్కువ. కాబట్టి రుతువుల అద్దం గీత, కక్ష్య అద్దం గీత ఒకదాని మీద ఒకటి పడవు. ఆ రెండూ కలిసింది పదమూడో శతాబ్దంలో. సౌష్ఠవం పూర్తిగా కుదిరిన చోట కంటే, కొద్దిగా తప్పిన చోట ఆ తప్పుకు కారణం వెతకడం శాస్త్రానికి ఎక్కువ లాభం తెచ్చింది.

కాలానికి సంబంధించిన ఇంకో సౌష్ఠవం భౌతికశాస్త్రానికి పునాదిగా మారింది. 1915లో జర్మనీలోని గొట్టింగెన్‌లో సాపేక్ష సిద్ధాంతపు శక్తి లెక్కలు చిక్కుపడినప్పుడు, గణితజ్ఞులు హిల్బర్ట్, క్లైన్ ఇద్దరూ గణితజ్ఞురాలు ఎమీ నోథర్ సాయం కోరారు. స్త్రీ కావడం వల్ల ఆమెకు అధ్యాపక హోదా ఇవ్వలేదు, కొన్నేళ్లు హిల్బర్ట్ పేరు మీద పాఠాలు చెప్పింది. 1918లో ఆమె ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ప్రకృతి నియమాల్లో నిరంతరంగా సాగే (ఎంత కొద్దిగానైనా జరపగలిగే, తిప్పగలిగే) ప్రతి సౌష్ఠవానికీ మారకుండా నిలిచే ఒక రాశి ఉంటుంది. ఇవాళ చేసిన ప్రయోగం రేపు చేసినా నియమం మారకపోతే శక్తి నిలుస్తుంది. ఇక్కడ చేసింది అక్కడ చేసినా మారకపోతే ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) నిలుస్తుంది. దిక్కు మార్చినా మారకపోతే కోణీయ ద్రవ్యవేగం (తిరిగే కదలికకు సంబంధించినది) నిలుస్తుంది. ఏ ఇంధనమూ లేకుండా నిరంతరం నడిచే యంత్రం ఎందుకు ఉండదని అడిగేవారికి అసలైన జవాబు ఇది.

విజయనగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విద్య అక్కరకొచ్చిన తీరు తెలుగువారు గుర్తుంచుకోవలసినది. సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం, గణితం తెలిసిన టి. వెంకటరాయుడు కలిసి 1930ల చివర్లో సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాల మీద ప్రయోగించారు. సమూహాల సిద్ధాంతం, భౌతిక సమస్యల్లో దాని వినియోగం గురించి వారిద్దరూ రాసిన పుస్తకం 1948లో అక్కడి నుంచే వెలువడి, ఇతర దేశాల విద్యార్థుల చేతుల్లోకీ వెళ్లింది. స్ఫటికం ఎంత సాగుతుందో పూర్తిగా చెప్పాలంటే సౌష్ఠవం ఏమీ లేని స్ఫటికానికి 21 స్థిరాంకాలు కొలవాలి, ఘనాకార స్ఫటికానికి మూడు చాలు. ఇలాంటి లెక్కనే ఒత్తిడికి కాంతి గుణం మారే స్ఫటికాలకు వేసి, అంతకుముందు జర్మన్ శాస్త్రవేత్త పాకెల్స్ ఇచ్చిన పట్టికలో కొన్ని తరగతుల లెక్క సరికాదని భగవంతం 1942లో చూపాడు. స్ఫటికాన్ని ముట్టుకోకుండా, దాని సౌష్ఠవాల జాబితా చూసి చెప్పిన మాట అది.

వారి పద్ధతిలో తేలికైన ఉదాహరణ కార్బన్ డయాక్సైడ్. నడుమ కార్బన్, ఇరువైపులా ఆక్సిజన్ ఒకే గీత మీద ఉంటాయి. కార్బన్‌ను కేంద్రంగా పెట్టి ప్రతి బిందువునూ ఎదుటివైపుకు మార్చినా అణువు మారదు. ఈ కేంద్ర సౌష్ఠవం ఉన్న ఏ అణువుకైనా ఒక కట్టుబాటు ఉంది: రామన్ వర్ణపటంలో (అణువు చెదరగొట్టిన కాంతిలో రంగు మార్పులను చూపే పట్టీలో) కనిపించే కంపనం పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, పీల్చదు, పరారుణాన్ని పీల్చేది రామన్ వర్ణపటంలో కనిపించదు. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలే కంపనం రామన్‌కు మాత్రమే. ఒకటి దగ్గరవుతుంటే మరొకటి దూరమయ్యే కంపనం, అణువు వంగే కంపనం పరారుణానికి మాత్రమే. నీటి అణువు వంకరగా ఉంటుంది, దానికి ఈ కేంద్రం లేదు. అందుకే దాని మూడు కంపనాలూ రెండు చోట్లా కనిపిస్తాయి.

గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజన్. రెండింటి అణువుల్లోనూ ఒకే రకం పరమాణువులు రెండేసి, కంపనం ఒక్కటే. ఆ కంపనంలో రెండు పరమాణువులూ కేంద్రానికి ఇరువైపులా సమంగానే కదులుతాయి కాబట్టి పై కట్టుబాటు ప్రకారం అది పరారుణాన్ని పీల్చలేదు. నేల నుంచి పైకి వెళ్లే వేడిని అంత గాలీ దాదాపు అడ్డుకోకుండానే వదిలేస్తుంది. గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కు పరారుణాన్ని పీల్చే కంపనాలు ఉన్నాయి. ముఖ్యంగా వంగే కంపనం, భూమి వెలువరించే వేడి ఎక్కువగా ఉండే తరంగదైర్ఘ్యాల దగ్గరే పడుతుంది. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల పెరుగుతున్న ఆ కొద్ది శాతం భూమి ఉష్ణోగ్రతను ఇంతగా మార్చగలగడానికి కారణం అక్కడ ఉంది.